మా ప్రార్థన మందిరం గోడలకు సిమెంటు వద్దు

సంపాదకులకు నమస్కారాలు.

నాది ప్రకాశం జిల్లా కొత్తపట్నం మండలంలో సముద్రం ఒడ్డున ఉన్న ఒక పల్లె. వయసు 68. మా నాన్న తాపీ మేస్త్రీ, నేనూ తాపీ మేస్త్రీనే. పత్రిక రోజూ చదువుతాను గానీ ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. క్రిస్మస్ సెలవులకు మా అబ్బాయి దగ్గరికి సింగపూరు వెళ్లి జనవరి నాలుగున ఊరు చేరాను. సంచులు ఇంట్లో పెట్టి మందిరం వైపు వెళితే దక్షిణపు గోడ నిండా ఉలిగాట్లు కనిపించాయి. సిమెంటు పట్టు దొరకాలని పాత సున్నాన్ని జానెడుకొక దెబ్బ చొప్పున కొట్టి వదిలారు. మిగిలిన మూడు గోడల పని సంక్రాంతి తర్వాత మొదలుపెడతామని కాంట్రాక్టరు చెప్పి వెళ్లాడట. ఆ మూడు గోడల కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ మందిరం మాకు ఏమిటో ముందు చెప్పాలి. ధాత కరువులో, అంటే 1876 నుండి 1878 వరకు, ఈ ప్రాంతంలో మనుషులు ఆకులు తిని బతికారు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో కొంత దూరం తవ్వే పని కాంట్రాక్టుకు తీసుకుని కరువు జనానికి కూలి ఇప్పించారు. మా ముత్తాత ఆ కాలువలో మట్టి మోశాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అది చరిత్రలో రాసి ఉన్న మాట. వారిలో మా ముత్తాత ఒకడు. అది మా ఇంట్లో చెప్పుకునే మాట. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు గానీ మా పల్లెకు మందిరం రాలేదు. మా వాళ్లందరూ తాటాకు గుడిసెల్లో ఉన్న రోజుల్లో ఇటుకతో, సున్నంతో కట్టిన మొదటి గోడలు అవే. మా తాత పదేళ్ల పిల్లవాడిగా ఇటుకలు అందించాడు. ఆడవాళ్లు తీరం వెంట నడిచి గుల్లలు ఏరి తట్టల్లో తెచ్చారు. ఆ గుల్లలను బట్టీలో కాల్చి, నీళ్లు పోసి విరిచి, ఎద్దుల గానుగలో ఆడించి పూసిన సున్నమే ఇప్పుడు ఉలితో కొట్టినది.

ప్రతి ఏడాదీ డిసెంబరు రెండో వారంలో ఆ గోడలకు మేమే వెల్ల వేస్తాం. నక్షత్రం కట్టేది కుర్రవాళ్లు, అరిసెలు వండేది ఆడవాళ్లు, వెల్ల వేసేది నేను. యాభై ఏళ్లుగా అది నా పని. ఈసారి నేను లేను. డిసెంబరు ఇరవైన మా ఆవిడా నేనూ ఒంగోలులో రైలెక్కి చెన్నై వెళ్లి, అక్కడి నుండి విమానంలో సింగపూరు చేరాం. విమానంలో నాలుగు గంటలు. దిగేసరికి వాన. ఈశాన్య రుతుపవనాలు డిసెంబరులో అక్కడ కూడా కురిపిస్తాయని అబ్బాయి చెప్పాడు. గాలిలో ఉప్పు, ఒంటికి అంటుకునే చెమ్మ, ఇంట్లో ఆరేసినా ఆరని బట్టలు, అన్నీ మా ఊరి తుపాను రోజుల్లాగే ఉన్నాయి. తేడా ఏమిటంటే అది భూమధ్యరేఖకు దగ్గర కనుక అక్కడ ఏడాదంతా చెమ్మే. ఇది గుర్తుపెట్టుకోమని పాఠకులను కోరుతున్నాను. గోడల సంగతి మాట్లాడేటప్పుడు ముందు అడగవలసింది చెమ్మ ఎంత, ఉప్పు ఎంత అనే.

చూడవలసినవన్నీ మా అబ్బాయి, కోడలు చూపించారు. ఆర్చర్డ్ రోడ్డులో క్రిస్మస్ దీపాలు చూశాం. చాలా బాగున్నాయి. వాటి గురించి రాయవలసింది అంతకంటే లేదు.

క్రిస్మస్ ఉదయం మమ్మల్ని సెయింట్ ఆండ్రూస్ కెథెడ్రల్‌కు తీసుకువెళ్లారు. నగరం నడిబొడ్డున, చుట్టూ అద్దాల మేడల మధ్య, పచ్చికలో తెల్లగా నిలబడిన పెద్ద గుడి. ఆరాధన ఇంగ్లీషులో జరిగింది. ప్రసంగం నాకు అర్థం కాలేదు, పాటల రాగాలు మాత్రం మా మందిరంలో పాడుకునేవే. మా ఆవిడ తెలుగు మాటలతో మెల్లగా గొంతు కలిపింది. నేను పాడలేదు. నా చూపంతా స్తంభాల మీదే ఉంది. పనివాడి కన్ను ఎక్కడికి వెళ్లినా ముందు గోడనే చూస్తుంది. అంచులు ఎలా తీశారు, మూల ఎలా తిప్పారు, కమాను కింద తాపీ ఎక్కడ ఆగింది అని.

ఆరాధన అయిన తర్వాత ఒక స్తంభం దగ్గరికి వెళ్లి అరచేయి పెట్టాను. చల్లగా ఉంది. వేలి కణుపుతో మెల్లగా తట్టాను. ‘నాన్నా, ఏమిటి వెతుకుతున్నావు?’ అని అబ్బాయి అడిగాడు. ‘దీనికి ఏం పూశారో కనుక్కో’ అన్నాను. వాడు ఫోనులో చూసి చదివి వినిపించాడు. అప్పుడు విన్నది నేను బతికి ఉన్నంతకాలం మరచిపోను.

ఆ గుడికి 1856లో పునాదిరాయి వేశారు. 1862లో ప్రతిష్ఠ జరిగింది. కట్టింది ఎవరు? మన దేశం నుండి ద్వీపాంతరం పంపిన ఖైదీలు. 1825 నుండి అటు మద్రాసు, ఇటు బెంగాలు వైపు శిక్ష పడిన మనుషులను ఓడల్లో సింగపూరు తెచ్చి రోడ్లు వేయించారు, ఇటుకలు కాల్పించారు, గుడి కట్టించారు. లోపలి గోడలకూ స్తంభాలకూ పూసినదాన్ని అక్కడి వాళ్లు ఈనాటికీ ‘మద్రాస్ చునం’ అనే పిలుస్తారు. ఆ పని చేయించిన ఇంగ్లీషు ఇంజనీరు ఏమేమి కలిపారో రాసిపెట్టాడు. ఇసుక కలపని గుల్ల సున్నం. కోడిగుడ్ల తెల్లసొన, బెల్లం కలిపి గిలకొట్టిన ముద్ద. కొబ్బరి పీచు నానబెట్టిన నీళ్లు. పూసి, తగినంత ఆరనిచ్చి, నున్నటి గుండ్రాయితో రుద్దాలి. మధ్య మధ్య బలపపు రాయి పొడి చల్లుతూ మెరుపు వచ్చేవరకు రుద్దాలి.

అబ్బాయి చదువుతుంటే నేను వాడికంటే ముందే తర్వాతి మాట చెప్పాను. ‘బెల్లం’ అన్నాను. ‘అవును నాన్నా, బెల్లమే’ అన్నాడు. ‘రాయితో రుద్దారా?’ అన్నాను. ‘అవును’ అన్నాడు. మా నాన్న నాకు చెప్పిన పాళ్లు అవే. మా నాన్న కొబ్బరి పీచు నీళ్ల బదులు కరక్కాయ నానబెట్టిన నీళ్లు పోసేవాడు. అంతకు మించి తేడా లేదు. సముద్రం అవతల ఇంగ్లీషు వాళ్ల పెద్ద గుడిలో ఉన్నదీ, కొత్తపట్నం దగ్గర మా పల్లె మందిరంలో ఉన్నదీ ఒకే చేతిపని. అప్పట్లో మా తాలూకా ఉన్నదీ మద్రాసు ప్రెసిడెన్సీలోనే. సంకెళ్లు వేసి పంపిన మనుషులు తమతో ఏమీ తీసుకుపోలేకపోయినా ఈ విద్యను తీసుకుపోయారు. నాకు కళ్ల నీళ్లు తిరిగాయి.

నా మనవరాలికి ఏడేళ్లు. ‘తాతయ్యా, గోడకు గుడ్డు పూస్తే చీమలు రావా?’ అని అడిగింది. సున్నంలో కలిసిన తర్వాత అది గుడ్డు కాదమ్మా, రాయి అవుతుంది అని చెప్పాను. పిల్లకు చెప్పినట్టు చెప్పినా అది నిజమే. గుల్లను కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు పోయి సున్నం మిగులుతుంది. గోడకు పూసిన తర్వాత అదే వాయువును గాలిలో నుండి మెల్లమెల్లగా తిరిగి తీసుకుని మళ్లీ రాయి అవుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది. మాకు ఇది పుస్తకంలో చూసి తెలిసింది కాదు, పాత గోడ మీద ఉలి పెట్టినప్పుడు చేతికి తగిలే మోత వల్ల తెలిసింది. దక్షిణపు గోడను కొట్టిన కుర్రవాళ్లు కూడా ఒప్పుకున్నారు, రోజుకు రెండు ఉలులు మొద్దుబారాయని.

ఆ మధ్యాహ్నం లిటిల్ ఇండియాకు వెళ్లాం. సెలవు కనుక సెరంగూన్ రోడ్డు మన కూలి కుర్రవాళ్లతో నిండి ఉంది. అక్కడ ఒక వీధి పేరు కంపాంగ్ కపోర్. మలయా భాషలో సున్నపు పల్లె అని అర్థమట. ఒకప్పుడు ఆ పేటలో సున్నపు పని సాగేదట. తమిళులు కూడా సున్నం పేరుతోనే దాన్ని పిలిచేవారట. వీధి మలుపులో కనిగిరి వైపు కుర్రవాడొకడు కలిశాడు. మా తెలుగు విని తానే వచ్చి పలకరించాడు. పెద్ద మేడలకు ప్లాస్టరింగు చేస్తాడట, లారీ వెనుక కూర్చుని పనికి పోతాడట. ‘గానుగ సున్నం ఎప్పుడైనా పూశావా బాబూ?’ అని అడిగాను. ‘లేదు బాబాయి, గానుగ అంటే నూనె తీసేదే కదా’ అన్నాడు. తప్పు అతనిది కాదు. అతనికి నేర్పవలసిన వయసు మాది. మేం నేర్పలేదు.

ఇక సిమెంటు సంగతి. మా సంఘ పెద్దలు చెడ్డవారు కారు. మందిరం బాగుండాలనే ఈ పని తలపెట్టారు. పెచ్చులు ఊడుతున్నాయి, ఏటా వెల్ల ఖర్చు, టైల్స్ వేస్తే తుడుచుకుంటే చాలు అంటున్నారు. విదేశాల్లో ఉన్న పిల్లలు చందాలు పంపారు. మా అబ్బాయి కూడా పంపాడు. ఆ డబ్బుతోనే ఉలులు కొన్నారని తెలిసి వాడు ఆ రాత్రి ఫోనులో చాలాసేపు మాట్లాడలేకపోయాడు. కనుక నేను ఎవరినీ నిందించడానికి రాయడం లేదు. పైగా ఇదే తప్పు ఒకసారి నా చేతులతో నేనే చేశాను. అది చెప్పకుండా ఈ ఉత్తరం రాయడం న్యాయం కాదు.

1979 మే నెల తుపాను మా తీరాన్ని కొట్టినప్పుడు మందిరం తూర్పు గోడకు అడుగున రెండు అడుగుల ఎత్తున సున్నం ఊడిపోయింది. నాకు అప్పుడు ఇరవై రెండేళ్లు. ఒంగోలులో రెండేళ్లు సిమెంటు పని చేసి వచ్చాను. నాన్న మళ్లీ సున్నమే పూద్దామన్నాడు. గుల్ల తేవాలి, కాల్చాలి, నానబెట్టాలి, రెండు నెలలు పడుతుంది అన్నాడు. నేను మూడు రోజుల్లో పూర్తి చేస్తానని పెద్దలను ఒప్పించాను. చేశాను. గోడ అడుగున బూడిద రంగు పట్టీ, దాని మీద వెల్ల. అందరూ మెచ్చుకున్నారు.

నాలుగో ఏడు వానలకు సిమెంటు పట్టీ చెక్కుచెదరలేదు గానీ దానికి పైన, అంతకుముందు ఎన్నడూ చెమ్మ ఎక్కని చోట, గోడ తడిసింది. నేల నుండి ఎక్కిన చెమ్మ సున్నం ఉన్న గోడలో నుండి గాలికి బయటికి పోతుంది. సిమెంటు దాన్ని పోనివ్వదు. దారి లేక పైకి ఎక్కుతుంది. చెమ్మతో పాటు ఉప్పు ఎక్కుతుంది. గోడ మీద ఉప్పు తెల్లటి నూగులా పూసింది. వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంటే సముద్రపు ఉప్పే. ఆ తర్వాత ఒక ఆదివారం ప్రార్థన జరుగుతుండగా సిమెంటు పలక ఒకటి మంచమంత ఊడి కింద పడింది. పలక వెనుక ఇటుకల ముఖాలు దానికి అంటుకుని వచ్చేశాయి. గోడలో మిగిలిన ఇటుకను నొక్కితే పిండిలా రాలింది. మా తాత అందించిన ఇటుకలు అవి.

నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. మరునాడు పొద్దున్నే తట్ట తీసుకుని తీరానికి గుల్లల కోసం వెళ్లాడు. నేను వెనుకే వెళ్లాను. ఆ రెండు నెలలే నాకు అసలు చదువు. కాలిన గుల్లకు నీళ్లు పోస్తే బుస్సుమని పొంగే శబ్దాన్ని బట్టి అది సరిగ్గా కాలిందో లేదో చెప్పేవాడు. నానిన సున్నాన్ని గోరు మీద పెట్టి వాలిస్తే జారకూడదు. అడుగు పూతకు ఒక పాలు సున్నం, రెండు పాళ్లు ఇసుక. పై పూతకు ఇసుక లేదు. ఎండలో పూయకూడదు, పూసిన గోడకు తడి గోనె కట్టాలి. రుద్దే రాయి మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. కోడిగుడ్డు కంటే కాస్త పెద్దది, నల్లనిది, అరచేతిలో ఇమిడే చోట నాన్న బొటనవేలు పెట్టి పెట్టి చిన్న పల్లం పడింది. నా వేలు కూడా ఆ పల్లంలోనే కూర్చుంటుంది. తూర్పు గోడ అడుగు భాగం మళ్లీ సున్నంతో పూశాం. నలభై ఏళ్లు దాటింది. ఆ తర్వాత ఎన్ని తుపానులు వచ్చినా అక్కడ పెచ్చు ఊడలేదు. నమ్మని వారు వచ్చి చూడవచ్చు, మా పల్లె దూరం కాదు.

పెచ్చులు ఊడుతున్నది ఎక్కడ? నిజంగా ఊడుతున్నది పడమటి గోడకు కిటికీల పక్కన. పదేళ్ల కిందట కరెంటు వైర్ల కోసం గోడ చీల్చి సిమెంటుతో పూడ్చిన చోట్ల. ఆ గీతల వెంబడే ఊడుతోంది, పక్కకు కాదు. ఇది నేను సంఘం ముందు సుద్దముక్కతో గీసి చూపించాను. కొందరు ఒప్పుకున్నారు. కొందరు, ‘మేస్త్రీ గారూ, ఈ రోజుల్లో ఆ పని ఎవరు చేస్తారు?’ అన్నారు.

ఆ ప్రశ్న మాత్రం సరైనది. మా మండలంలో డంగు సున్నం, అంటే ఈ గానుగ సున్నం, పని తెలిసిన వాళ్లం నాకు తెలిసినంతవరకు ముగ్గురం మిగిలాం. ముగ్గురికీ అరవై దాటాయి. ఒకాయనకు చూపు మందగించింది. మాతోనే ఈ పని ఆగిపోతే మా మందిరం ఒక్కటే కాదు, నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఉన్న పాత బళ్లు, మసీదులు, దేవాలయాలు, దూలాల మీద ఇటుక, సున్నంతో వేసిన మద్రాసు టెర్రస్ మిద్దెలు, ఉదయగిరి కోటలో మిగిలిన గోడలు, వీటిలో దేనికి పెచ్చు ఊడినా సిమెంటు తప్ప మరొకటి పూసే చెయ్యి ఉండదు. సింగపూరులో ఆ గుడిని 1973లోనే జాతీయ కట్టడంగా ప్రకటించి కాపాడుకుంటున్నారు. వాళ్లు మద్రాసు పేరు చెప్పి కాపాడుకుంటున్న సున్నాన్ని మద్రాసు పక్కనున్న మనం ఉలితో కొట్టి చెత్తబండికి ఎత్తుతున్నాం. నాకు ఇది తట్టుకోలేని బాధగా ఉంది.

అందుకని నా మనవి ఇది. మా సంఘ పెద్దలు ఉగాది వరకు పని ఆపాలి. కాంట్రాక్టరుకు ఇచ్చిన బయానా డబ్బు పోతుందని భయపడుతున్నారు. ఆ మొత్తం మా అబ్బాయి కట్టుకుంటానన్నాడు. ఉలిగాట్లు పడిన దక్షిణపు గోడను నేను ఉచితంగా పూస్తాను. ఆ గాట్లు సున్నానికి కూడా పట్టు ఇస్తాయి కనుక జరిగిన నష్టంలో కొంత పూడుతుంది. నాతో పాటు పని చేయడానికి నలుగురు కుర్రవాళ్లను పంపితే చాలు. రోజు కూలి వాళ్లకు ఇవ్వాలి, నాకు వద్దు. జిల్లాలో తాపీ పని నేర్పే ప్రభుత్వ శిక్షణ కేంద్రాలు సున్నపు పనికి కూడా కొన్ని వారాలు కేటాయించాలని అధికారులను వేడుకుంటున్నాను. మేం ముగ్గురం పిలిచిన చోటికి వచ్చి నేర్పుతాం. తమ పత్రిక పాఠకుల్లో ఎవరి ఊరిలోనైనా పాత సున్నపు గోడకు సిమెంటు పూయబోతుంటే, పూసే ముందు గోడ అడుగున చెయ్యి పెట్టి చెమ్మ ఎక్కడి వరకు ఉందో బొగ్గుతో గీత గీసి పెట్టమని కోరుతున్నాను. ఒక వానాకాలం తర్వాత ఆ గీతే వాళ్లకు సమాధానం చెబుతుంది.

రొయ్యల చెరువులకు సున్నం అమ్మే వ్యాపారి దగ్గర కాల్చిన గుల్ల దొరికింది. జనవరి ఆరున మా పెరట్లో గుంత తవ్వి రెండు బస్తాలు విరిచి నానబెట్టాను. పొంగిన శబ్దం బాగుంది. పైన నాలుగు వేళ్ల లోతు నీళ్లు నిలబెట్టి తాటాకు కప్పాను. మా ఆవిడ కోళ్ల గుడ్లు అమ్మడం ఆపి కుండలో దాస్తోంది. కరక్కాయలు ఒంగోలు నుండి తేవాలి.

ఇట్లు,
ఒక తాపీ మేస్త్రీ,
కొత్తపట్నం మండలం, ప్రకాశం జిల్లా.